ఐదేళ్ల లెక్క, విడివిడి కవర్లు: ఒక ఎఫ్-1 విద్యార్థిని టాక్స్ ఫైలు

అమెరికాలో ఎం.ఎస్. చదివే మనవాళ్ల టాక్స్ ఫైళ్లలో తప్పు కూడికలు, తీసివేతల దగ్గర పుట్టడం అరుదు. ఏ ఫారం నింపాలన్న దగ్గరే దారి తప్పుతుంది, ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా నింపినా లాభం ఉండదు. కింద రాసిన కేసులో అలాంటి తప్పులు మూడేళ్లపాటు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. ఒకే తరహా ఫైళ్లు కొన్ని కలిపి, అంకెలు గుండ్రం చేసి రాసిన నమూనా కేసు ఇది. రేట్లు, పరిమితులు మాత్రం 2024 టాక్స్ సంవత్సరానికి అసలైనవే.

ఫైలు ఇదీ. గుంటూరులో బీటెక్ చేసిన అమ్మాయి 2022 ఆగస్టు 9న ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద టెక్సాస్‌లో దిగింది. ఆ ఏడాది ఆదాయం లేదు. 2023లో క్యాంపస్ ఉద్యోగంలో 8,400 డాలర్లు. ఆ డిసెంబర్ 14న ఇండియా వెళ్లి, 2024 జనవరి 12న తిరిగొచ్చింది. మే నెలలో డిగ్రీ చేతికొచ్చేదాకా క్యాంపస్‌లో మరో 5,200 సంపాదించింది. జులై 8 నుంచి ఓపీటీ (చదువుకు సంబంధించిన పని చేసుకునే తాత్కాలిక అనుమతి) మీద ఇల్లినాయ్ రాష్ట్రంలో షికాగో దగ్గర ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి, సంవత్సరం ముగిసేసరికి 36,000 జీతం తీసుకుంది. పెళ్లి కాలేదు.

2025 ఫిబ్రవరిలో ఆమె దగ్గరున్న కాగితాలు: జీతం, అందులో కోసిన పన్ను చూపిస్తూ యూనివర్సిటీ, కంపెనీ ఇచ్చిన రెండు డబ్ల్యూ-2లు, కొత్త ఖాతా తెరిచినందుకు బ్యాంకు ఇచ్చిన 300 డాలర్ల బోనస్‌ను చూపించే 1099-ఐఎన్‌టీ, షేర్ల యాప్ నుంచి డివిడెండ్లు, అమ్మకాల వివరాలతో వచ్చిన 1099, ఫీజుల వివరాలున్న 1098-టీ. వీటితోపాటు ఒక ప్రశ్న కూడా ఉంది: "మా రూమ్మేట్‌కి రెండు వేలు రిఫండ్ వచ్చింది, నాకెందుకు రాదు?"

ఆ ప్రశ్నను పక్కన పెట్టి, ముందు పాస్‌పోర్టు తెరిపించాలి.

రెసిడెంటా, కాదా

ఇక్కడ రెసిడెంట్ అన్నది ఇమిగ్రేషన్ హోదా కాదు, ఏ ఊళ్లో ఉంటున్నారన్నదానితోనూ దానికి సంబంధం లేదు. అది కేవలం టాక్స్ చట్టంలోని మాట. గ్రీన్‌కార్డు లేని మనిషి అమెరికాలో గడిపిన రోజులను ఒక సూత్రం ప్రకారం లెక్కేస్తారు: ఈ ఏడాది రోజులన్నీ, నిరుటి రోజుల్లో మూడో వంతు, అంతకుముందు ఏడాది రోజుల్లో ఆరో వంతు. మొత్తం 183 లేదా అంతకు మించితే, అందులో ఈ ఏడాదివి కనీసం 31 ఉంటే, ఆ మనిషి రెసిడెంట్. ఇదే సబ్‌స్టాన్షియల్ ప్రెజెన్స్ టెస్ట్.

ఎఫ్-1 విద్యార్థికి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల రోజులు ఈ టెస్టులో లెక్కకు రావు. మనవాళ్లు పదే పదే జారేది ఇక్కడే. ఐదు సంవత్సరాలంటే దిగిన తేదీ నుంచి అరవై నెలలు అనుకుంటారు. చట్టం చూసేది క్యాలెండర్‌ను. ఆగస్టులో దిగినా, డిసెంబర్ 30న దిగినా ఆ సంవత్సరం మొత్తం ఒకటిగా లెక్కే. ఈమెకు 2022, 2023, 2024, 2025, 2026 మినహాయింపు సంవత్సరాలు. ఎఫ్-1 మీదే ఉంటే 2027 జనవరి 1 నుంచి రోజులు లెక్కలోకి వస్తాయి. ఇంతకుముందు వేరే కోర్సు కోసమో, జే-1 (ఎక్స్ఛేంజ్ వీసా) మీదో వచ్చి ఉంటే ఆ సంవత్సరాలూ ఈ ఐదులో కలుస్తాయి. అందుకే మొదటిసారి అమెరికాలో అడుగుపెట్టింది ఎప్పుడో అడగకుండా ఏ ఫారమూ తెరవకూడదు.

ఈమె 2024లో నాన్‌రెసిడెంట్ అనడంలో సందేహం లేదు. అంటే నాన్‌రెసిడెంట్ల రిటర్ను ఫారం 1040-ఎన్ఆర్ మాత్రమే. 2023కూ అంతే, కానీ ఆ ఏడాది ఆమె అలా ఫైల్ చేయలేదు.

2022: ఆదాయం లేకపోయినా ఒక కాగితం

మినహాయింపు రోజులున్న ప్రతి సంవత్సరానికీ ఫారం 8843 పంపాలి. పైసా సంపాదన లేకపోయినా సరే. ఎఫ్-2 మీద వచ్చిన భార్య లేదా భర్త, పిల్లలు ఒక్కొక్కరూ విడిగా పంపాలి. ఈమెకు ఆ ఫారం పేరు కూడా తెలియదు. ఆలస్యానికి డబ్బు రూపంలో జరిమానా లేదు కాబట్టి 2022 ఫారాన్ని ఇప్పుడు పంపినా ఏమీ పోదు. ఆ సంవత్సరానిదే ఫారం తీసుకుని, సంతకం పెట్టి, ఒంటరి కవరులో ఆస్టిన్‌లోని ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) చిరునామాకు పోస్టు చేయించాం. ఆదాయం లేనప్పుడు 8843కు గడువు జూన్ 15. రిటర్నుతో కలిపి పంపితే రిటర్ను గడువే దానికీ వర్తిస్తుంది.

ఫారంలో చిక్కు తెచ్చేవి రోజుల గడులు. నాలుగో లైనులో మొదటి భాగం నిజంగా ఉన్న రోజులు అడుగుతుంది. దిగిన రోజు, వెళ్లిన రోజు రెండూ లెక్కే. ఈమెకు 2022లో 145, 2023లో 348, 2024లో 355. రెండో భాగం ఈ ఏడాది మినహాయించమని అడుగుతున్న రోజులు. ఆ గడిలో సున్నా వేసిన ఫారాలు ఎన్నో కనిపిస్తాయి. 2024 ఫారంలో అక్కడా 355 అనే రాయాలి, లేదంటే మినహాయింపు కోసం వేసిన ఫారంలోనే మినహాయింపు అడగనట్టు అవుతుంది. ఐ-94 (అమెరికా ప్రభుత్వ రాకపోకల రికార్డు) వెబ్‌సైటులో రాకపోకల చరిత్ర దొరుకుతుంది. పాస్‌పోర్టు ముద్రలతో సరిచూసుకుంటే చాలు. ఓపీటీలో ఉన్నవాళ్లు విద్యాసంస్థ గడిలో కంపెనీ పేరు రాస్తుంటారు. అక్కడ ఉండాల్సింది యూనివర్సిటీయే.

2023: వచ్చిన రిఫండే తప్పు

2024 మార్చిలో ఆమె ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కూర్చుని అరగంటలో ఫైల్ చేసేసింది. ఆ తరహా సాఫ్ట్‌వేర్‌లు చాలావరకు 1040-ఎన్ఆర్ తయారు చేయవు. పౌరులు, రెసిడెంట్ల కోసం ఉన్న 1040నే తయారు చేస్తాయి. 1098-టీ చూపించగానే అది అమెరికన్ ఆపర్చ్యునిటీ క్రెడిట్ ఇచ్చింది. జీతంలో ముందే కోసిన పన్ను 210, క్రెడిట్‌లో తిరిగిచ్చే భాగం 1,000, మొత్తం 1,210 ఖాతాలో పడింది. అప్పట్లో అందరూ సంతోషించారు.

ఇందులో తప్పులు రెండు. నాన్‌రెసిడెంట్‌కు విద్యా క్రెడిట్లు లేవు. పైగా ఆ క్రెడిట్ ఇంటర్ తర్వాతి మొదటి నాలుగేళ్ల చదువుకే, గుంటూరులో చేసిన బీటెక్‌తోనే ఆ నాలుగేళ్లు అయిపోయాయి. ఎం.ఎస్. విద్యార్థి రెసిడెంట్ అయినా దీనికి అర్హత లేదు. రూమ్మేట్ రెండు వేల వెనక కూడా సాధారణంగా ఇలాంటి కథే ఉంటుంది. రిఫండ్ రావడం ఐఆర్ఎస్ ఆమోదముద్ర కాదు. మిషను ముందు డబ్బు వేస్తుంది, పరిశీలన తర్వాత జరగొచ్చు.

సవరణకు ఫారం 1040-ఎక్స్. అయితే ఒక రకం రిటర్ను వేయాల్సిన చోట ఇంకో రకం వేసినప్పుడు దీన్ని నింపే పద్ధతి వేరు. 1040-ఎక్స్ మొదటి పేజీలో పేరు, చిరునామా, సోషల్ సెక్యూరిటీ నంబరు తప్ప అంకెలేవీ వేయకూడదు. వివరణ భాగంలో కారణం రాయాలి: ఎఫ్-1 మీద నాన్‌రెసిడెంట్‌గా ఉండి పొరపాటున 1040 వేశాను, విద్యా క్రెడిట్ ఉపసంహరించుకుంటున్నాను. తర్వాత 2023కు కొత్తగా 1040-ఎన్ఆర్ మొత్తం నింపి, పైన అడ్డంగా "అమెండెడ్" అని రాసి, 1040-ఎక్స్ వెనక జతచేయాలి. 2023 ఫారం 8843 కూడా అందులోనే. ఫారం రకమే మారుతోంది కాబట్టి కాగితం మీదే పంపించాం.

కొత్త లెక్కలో జీతం 8,400, ఆ ఏడాది స్టాండర్డ్ డిడక్షన్ 13,850, పన్ను సున్నా, రావాల్సింది కోసిన 210 మాత్రమే. అంటే వెయ్యి డాలర్లు వెనక్కి. ఆ డబ్బు ఐఆర్ఎస్ డైరెక్ట్ పేలో 2023కు, సవరణ రిటర్ను కారణంగా ఎంచుకుని కట్టించాం. వడ్డీ ఎంతో ఐఆర్ఎస్ లెక్కేసి నోటీసు పంపుతుంది, అప్పుడు కట్టుకోవచ్చు. ఇలాంటప్పుడు "అడిగినప్పుడు చూద్దాంలే" అనే సలహా ఎప్పుడూ వినిపిస్తుంది. అది మంచి సలహా కాదు. నోటీసు రాకముందే తానుగా దిద్దుకున్న ఫైలుకూ, పట్టుబడ్డాక దిద్దిన ఫైలుకూ జరిమానాల విషయంలో తేడా ఉంది. ముందుముందు గ్రీన్‌కార్డు దరఖాస్తులో పాత రిటర్నుల కాపీలు బయటికి తీయాల్సిన రోజూ రావచ్చు.

2024: ట్రీటీ లేని లెక్క, ట్రీటీతో లెక్క

నాన్‌రెసిడెంట్‌కు మామూలుగా స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. చైనా నుంచో, వియత్నాం నుంచో వచ్చిన క్లాస్‌మేట్‌కు లేదు. ఇండియా విద్యార్థికి ఉంది. భారత్–అమెరికా పన్ను ఒప్పందం (ట్రీటీ)లోని 21వ ఆర్టికల్, రెండో పేరా ఇచ్చిన సౌకర్యం అది. చదువు కోసం వచ్చిన భారతీయ విద్యార్థికి మొదటి పేరాలోకి రాని గ్రాంట్లు, స్కాలర్‌షిప్‌లు, ఉద్యోగ ఆదాయం మీద రెసిడెంట్‌కు దొరికే మినహాయింపులే దొరకాలని ఆ పేరా చెబుతుంది. 2024లో పెళ్లి కానివాళ్లకు అది 14,600.

ఈ ఒక్క లైను వల్ల ఎంత తేడా వస్తుందో అంకెల్లో చూద్దాం.

జీతాలు 5,200, 36,000 కలిపి 41,200. అందులోంచి 14,600 తీస్తే పన్ను పడే మొత్తం 26,600. టాక్స్ టేబుల్ ప్రకారం పన్ను 2,963. చేత్తో లెక్కేస్తే 2,960 వస్తుంది. టేబుల్ యాభై డాలర్ల గడి మధ్య బిందువును తీసుకుంటుంది కాబట్టి ఆ మూడు డాలర్లు. లక్ష డాలర్ల లోపు ఆదాయానికి టేబులే వాడాలి. షేర్ల మీద పన్ను 48 విడిగా వస్తుంది, దాని సంగతి కింద ఉంది. మొత్తం 3,011. ముందే కోసినవి యూనివర్సిటీలో 40, కంపెనీలో 4,000, కలిపి 4,040. రిఫండ్ 1,029.

ఇదే ఫైలులో ట్రీటీ మర్చిపోతే తీసుకోగలిగిన మినహాయింపు ఇల్లినాయ్ రాష్ట్రానికి కట్టిన 1,782 ఒక్కటే. పన్ను 4,499, షేర్లతో కలిపి 4,547. రిఫండ్ రాకపోగా 507 ఎదురు కట్టాలి. తేడా 1,536 డాలర్లు.

దీన్ని చూపించాల్సింది 1040-ఎన్ఆర్ 12వ లైనులో. మొత్తం వేసి, ఎడమ పక్క ఖాళీలో యూఎస్–ఇండియా ఇన్‌కమ్ టాక్స్ ట్రీటీ కింద స్టాండర్డ్ డిడక్షన్ అని ఇంగ్లిష్‌లో రాయాలి. స్టాండర్డ్ తీసుకుంటే విడివిడి మినహాయింపులు చూపించే షెడ్యూల్ ఎ ఉండదు, రెండూ కుదరవు. వీసా, రాకపోకల వంటి వివరాలు అడిగే షెడ్యూల్ ఓఐలో ఐటం ఎల్ కింద ఈ 14,600 వేసిన రిటర్నులు కూడా కనిపిస్తాయి. ఆ గడి ట్రీటీ వల్ల అసలు పన్నే పడని ఆదాయానికి ఉద్దేశించింది. ఇది మినహాయింపే తప్ప ఆదాయం కాదు కాబట్టి అక్కడ వేయం. అదే షెడ్యూల్‌లో రాకపోకల తేదీలు, మూడేళ్ల రోజులు 8843తో అక్షరాలా సరిపోవాలి. రెండు ఫారాల్లో రెండు అంకెలుంటే అనుమానానికి అదే మొదటి గుమ్మం.

జీతం నుంచి కోత దగ్గరా ట్రీటీ పనికొస్తుంది. ఎంత కోయాలో చెప్పడానికి కంపెనీకి ఇచ్చే డబ్ల్యూ-4 నింపేటప్పుడు పెళ్లయినా కాకపోయినా సింగిల్ అని పెట్టి, 4(సి) కింద ఎన్ఆర్ఏ (నాన్‌రెసిడెంట్ ఏలియన్) అని రాయాలి. మిగతా దేశాల నాన్‌రెసిడెంట్ల జీతానికి పేరోల్‌వాళ్లు ఒక అదనపు మొత్తం కలిపి కోత లెక్కిస్తారు. భారతీయ విద్యార్థులకు అది కలపకూడదు. ఈమె యూనివర్సిటీ సరిగానే చేసింది, అందుకే 5,200 మీద కోత నలభై డాలర్లే.

1098-టీని ఈ ఏడాది చూసి, ఫైల్లో పెట్టేశాం. బ్యాంకు బోనస్ 300ను వడ్డీగా చూస్తారు. నాన్‌రెసిడెంట్‌కు అమెరికా బ్యాంకు డిపాజిట్ల వడ్డీ మీద పన్ను లేదు కాబట్టి దాన్ని ఆదాయంలో కలపలేదు. సాఫ్ట్‌వేర్ అడిగింది కదా అని దాన్ని జీతం పక్కన చేర్చేవాళ్లు ఉత్తపుణ్యానికి పన్ను కడుతున్నట్టే.

లోను వడ్డీ గురించి ఒక మాట. మన బ్యాంకులో తీసుకున్న విద్యారుణం అయినా, లోను విద్యార్థి పేరు మీద ఉండి, నిజంగా వడ్డీ కట్టి ఉంటే, ఏడాదికి 2,500 డాలర్ల వరకు ఆదాయంలోంచి తీసుకునే వీలుంది. మన బ్యాంకు అమెరికా తరహా 1098-ఈ (కట్టిన వడ్డీ చూపించే ఫారం) ఇవ్వదు, వడ్డీ సర్టిఫికెట్, స్టేట్‌మెంట్లు దాచుకోవాలి. ఈమె లోను ఇంకా మారటోరియంలో ఉంది. వడ్డీ అసలులో చేరుతోందే తప్ప చేతి నుంచి కట్టింది లేదు. అందుకే 2024కు సున్నా.

షేర్ల యాప్

48 డాలర్ల కోసం ఫైలులో ఎక్కువ సమయం తిన్నది ఇదే. యాప్‌లో ఖాతా తెరిచేటప్పుడు ఆమె డబ్ల్యూ-9 మీద సంతకం పెట్టింది, అంటే రెసిడెంట్‌నని ప్రకటించినట్టు. నాన్‌రెసిడెంట్ ఇవ్వాల్సింది డబ్ల్యూ-8బెన్. దాంతో డివిడెండ్ మీద ఏమీ కోయలేదు, నాన్‌రెసిడెంట్లకు ఇచ్చే 1042-ఎస్ రాలేదు, 1099 వచ్చింది.

డివిడెండ్లు 24 డాలర్లు. ట్రీటీ ప్రకారం 25 శాతం, అంటే 6. షేర్ల అమ్మకంలో నికర లాభం 140. ఏడాదిలో 183 రోజులు లేదా అంతకు మించి ఇక్కడ ఉన్న నాన్‌రెసిడెంట్‌కు దాని మీద తిన్నగా 30 శాతం, అంటే 42. ఇక్కడొక తిరకాసు ఉంది. రెసిడెన్సీ టెస్టులో లెక్కకు రాని రోజులే ఈ 183 దగ్గర మాత్రం లెక్కకొస్తాయి. ఆమె ఉన్నది 355 రోజులు. లాంగ్ టర్మ్ రాయితీ రేట్లు లేవు, స్టాండర్డ్ డిడక్షన్ దీనికి తగలదు. నష్టాన్ని అదే ఏడాది లాభంతో సరిపెట్టుకోవచ్చు గానీ, మిగిలితే వచ్చే ఏడాదికి మోసుకెళ్లలేరు. ఇదంతా 1040-ఎన్ఆర్‌లోని షెడ్యూల్ ఎన్ఈసీలో వేసి, పన్ను 23ఎ లైనుకు తేవాలి. వంద డాలర్ల సరదాకు ఇన్ని కాగితాలు అవసరమా అన్నది చదువుకునే రోజుల్లో ఆలోచించుకోవాల్సిన విషయమే.

ఫైకా: 2,754 డాలర్లు

ఈ ఫైలులో పెద్ద మొత్తం ఇదే, చాలామంది చూడకుండా వదిలేసేదీ ఇదే. ఎఫ్-1 నాన్‌రెసిడెంట్ తన వీసాకు అనుమతి ఉన్న పని చేసినప్పుడు, అది క్యాంపస్ ఉద్యోగమైనా, సీపీటీ (చదువులో భాగంగా చేసే పని) అయినా, ఓపీటీ అయినా, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు వర్తించవు. ఈ రెండింటినీ కలిపే ఫైకా అంటారు. చట్టంలో సెక్షన్ 3121(బి)(19). యూనివర్సిటీ డబ్ల్యూ-2లో బాక్స్ 4, 6 ఖాళీగా ఉన్నాయి. కంపెనీ డబ్ల్యూ-2లో బాక్స్ 4లో 2,232, బాక్స్ 6లో 522 ఉన్నాయి. అంటే 36,000 మీద 6.2 శాతం, 1.45 శాతం.

ఎందుకిలా జరుగుతుంది? చిన్న కంపెనీలో పేరోల్ సాఫ్ట్‌వేర్ కొత్త ఉద్యోగిని మామూలు ఉద్యోగిగానే చేర్చుకుంటుంది. హెచ్ఆర్ ఈఏడీ (పని అనుమతి) కార్డు చూసేది ఐ-9 అనే ఉద్యోగ అర్హత ఫారం కోసం, పన్ను కోసం కాదు. పేరోల్‌లో ఈ రెండు పన్నుల నుంచి మినహాయింపు అన్న గుర్తు పెట్టమని ఎవరూ అడగరు. చేరిన మొదటి జీతం చీటీలోనే ఈ రెండు లైన్లు వెతికి, కనిపిస్తే అప్పుడే చెప్పాలి. అదే సంవత్సరంలో అయితే పేరోల్‌లోనే సర్దుబాటు సులువు. సంవత్సరం దాటాక కష్టం పెరుగుతుంది.

మొదటి మెట్టు ఎప్పుడూ కంపెనీయే. కంపెనీ ఏ త్రైమాసికంలో ఎక్కువ కోసిందో ఆ త్రైమాసికానికి 941-ఎక్స్ (పేరోల్ పన్నుల సవరణ ఫారం) వేసి, ఉద్యోగికి డబ్బు తిరిగిచ్చి, సవరించిన డబ్ల్యూ-2సి ఇవ్వాలి. ఈమె విషయంలో మూడు, నాలుగు త్రైమాసికాలు. మెయిల్‌లో సెక్షన్ నంబరు, ఐఆర్ఎస్ పబ్లికేషన్ 519 ప్రస్తావన, ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి హోదా పత్రం), ఈఏడీ కాపీలు పెట్టించాం. ఇంకో మాట తప్పక రాయించాం: కంపెనీ తన వాటాగా కట్టిన 2,754 కూడా దానికి తిరిగొస్తుందని. బతిమాలడం కంటే ఈ వాక్యమే ఎక్కువసార్లు పని చేస్తుంది.

ఈసారి చేయలేదు. "మేము పాత సంవత్సరం సవరించం, ఐఆర్ఎస్‌నే అడగండి" అని జవాబు వచ్చింది. దానివల్లా ఉపయోగమే, ఆ మెయిలే సాక్ష్యం అయింది. 2025 జనవరి నుంచి కోత మాత్రం ఆపారు.

అప్పుడు డబ్బు వాపసు అడిగే ఫారం 843, దానికి తోడు ఫారం 8316. 843లో కాలం 2024, మొత్తం 2,754, పన్ను రకం ఎంప్లాయ్‌మెంట్. వివరణలో వీసా, వచ్చిన తేదీ, నాన్‌రెసిడెంట్ ఎందుకో ఒక వాక్యం, సెక్షన్ నంబరు. 8316 కంపెనీ ఏమైనా తిరిగిచ్చిందా, కంపెనీని క్లెయిమ్ చేయమన్నారా అని అడుగుతుంది. జతచేసినవి: డబ్ల్యూ-2, వీసా పేజీ, ఐ-94, ఓపీటీ సిఫారసు ఉన్న ఐ-20, ఈఏడీ, కంపెనీ మెయిల్, 1040-ఎన్ఆర్ కాపీ, కోత కనిపించే జీతం చీటీలు. సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి, ట్రాకింగ్ రసీదు దాచాలి. జవాబుకు నెలలు పట్టడం మామూలే. 2024 కోతకు క్లెయిమ్ గడువు 2028 ఏప్రిల్ మధ్య దాకా ఉంది, కాబట్టి తొందరపడి అరకొర కాగితాలతో పంపనక్కర్లేదు.

ఇందులో జరిగే ఘోరమైన తప్పు ఒకటే. బాక్స్ 4, 6 మొత్తాలను 1040-ఎన్ఆర్‌లో 25ఎ లైనులో, ఫెడరల్ కోతతో కలిపేయడం. రిఫండ్ 3,783 అని మెరిసిపోతుంది, తర్వాత రిటర్ను ఆగిపోతుంది. ఫైకా తిరిగొచ్చే దారి ఇన్‌కమ్ టాక్స్ రిటర్ను కాదు. 843ను 1040-ఎన్ఆర్ కవరులో పెట్టడం కూడా అలాంటిదే, రెండింటినీ చూసే విభాగాలు వేరు.

ఇల్లినాయ్

టెక్సాస్‌లో రాష్ట్ర ఇన్‌కమ్ టాక్స్ లేదు. ఇల్లినాయ్‌లో తిన్నగా 4.95 శాతం. ఆమె అక్కడ సగం ఏడాదే ఉంది కాబట్టి ఐఎల్-1040తోపాటు షెడ్యూల్ ఎన్ఆర్, పార్ట్-ఇయర్ రెసిడెంట్‌గా. ఫెడరల్‌కు నాన్‌రెసిడెంట్, రాష్ట్రానికి రెసిడెంట్ ఎలా అవుతానని అడుగుతారు. అవుతారు. రెండు చట్టాలూ వేరు. ఇల్లినాయ్ లెక్క ఫెడరల్ ఏజీఐ (డిడక్షన్ తీయకముందు ఆదాయం) నుంచి మొదలవుతుంది. ట్రీటీ తెచ్చిన 14,600 ఏజీఐ తర్వాత వచ్చేది కాబట్టి ఇక్కడ దాని ఊసే ఉండదు.

వ్యక్తిగత మినహాయింపు 2,775ను ఇల్లినాయ్ ఆదాయం నిష్పత్తిలో తగ్గిస్తారు. 36,000ను 41,200తో భాగిస్తే 0.874, మినహాయింపు 2,425. మిగిలిన 33,575 మీద పన్ను 1,662. కోసింది 1,782, రిఫండ్ 120. ఉద్యోగం కాలిఫోర్నియాలోనో, న్యూజెర్సీలోనో అయితే శ్లాబులు, ఫారాలు పూర్తిగా వేరు. పక్క రాష్ట్రంలో ఉన్న స్నేహితురాలి రిటర్ను చూసి నింపడానికి ఇందులో ఏమీ లేదు.

పంపడం

2024 రిటర్నుకు జీతం ఉంది కాబట్టి గడువు 2025 ఏప్రిల్ 15. 1040-ఎన్ఆర్‌ను ఈ-ఫైల్ చేయొచ్చు, అందుకు నాన్‌రెసిడెంట్ల కోసమే ఉన్న సాఫ్ట్‌వేర్ కావాలి. యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులు చాలాచోట్ల దానికి కోడ్ ఇస్తాయి, పాత విద్యార్థులకూ ఓపీటీలో ఉన్నంతకాలం ఇచ్చేవి కొన్ని ఉన్నాయి. అడిగి చూడాలి. 2022 ఫారం 8843, 2023 సవరణ, ఫారం 843 మాత్రం పోస్టులోనే, మూడూ మూడు కవర్లలో.

వాట్సాప్ గ్రూపుల్లో ముప్పై డాలర్లకు ఫైల్ చేస్తామనేవాళ్ల దగ్గరికి వెళ్లేముందు ఒకటి చూడాలి. డబ్బు తీసుకుని రిటర్ను తయారుచేసే ఎవరైనా తమ పీటిన్ (రిటర్ను తయారుచేసేవాళ్లకు ఐఆర్ఎస్ ఇచ్చే) నంబరు వేసి, తామూ సంతకం పెట్టాలి. "సెల్ఫ్ ప్రిపేర్డ్" అని వదిలేస్తే రిటర్నులో ఉన్న ప్రతి అబద్ధానికీ జవాబుదారీ విద్యార్థే.

ముందున్న సంవత్సరాలు

ఈమెకు హెచ్-1బీ వచ్చి 2025 అక్టోబర్ 1న మారితే, ఆ రోజు నుంచి ఫైకా కోయడం సరైనదే. కానీ ఆ ఏడాది హెచ్-1బీ రోజులు 92 మాత్రమే, కాబట్టి 2025కు మామూలుగా ఇంకా 1040-ఎన్ఆరే. 2026లో జనవరి 1 నుంచి రెసిడెంట్, అప్పుడు 1040.

హెచ్-1బీ రాకుండా స్టెమ్ ఓపీటీ (సైన్స్, ఇంజనీరింగ్ చదివినవాళ్లకు ఓపీటీ పొడిగింపు) మీద 2027 జులై దాకా సాగితే, ఐదేళ్లు 2026 డిసెంబర్ 31తో అయిపోతాయి. 2027లో ఆ టెస్టు దాటిపోతుంది కాబట్టి జనవరి నుంచే ఫైకా వర్తిస్తుంది, వీసా ఎఫ్-1 అయినా సరే. పేరోల్‌కు ఆ డిసెంబర్‌లోనే చెప్పాలి.

రెసిడెంట్ అయిన ఏడాది నుంచి ఇంకో కాగితం మొదలవుతుంది. ఇండియాలో తన పేరున్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల నివేదిక) వేయాలి. నాన్న తన సౌకర్యం కోసం కూతురి పేరు కూడా చేర్చిన గుంటూరు ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. అందుకని ఆమె చేత ఇప్పుడే ఒక జాబితా రాయించాం: బ్యాంకు, శాఖ, ఖాతా నంబరు, ఎవరెవరి పేర్లు, ఏడాదిలో ఎక్కువ నిల్వ ఎంత.